సగం జరిపిన గీత

తుఫాను హెచ్చరికల ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల తుఫానమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇన్నేళ్లుగా సముద్రం మీద పుట్టిన ప్రతి గాలికీ జాతకం రాస్తూ కూర్చున్నందుకు ఆ మాత్రం బిరుదైనా దక్కకపోతే ఎలా అని మొదట్లో నవ్వుకునేది. ఈమధ్య నవ్వుకోవడానికి కూడా ఓపిక ఉండడం లేదు.

ఆ రోజు తెల్లవారేసరికి ఆమె ఇంకా కుర్చీలోనే ఉంది. రాత్రి డ్యూటీకి రావలసిన మనిషి జ్వరమని ఫోన్ చేశాడు. తుఫాను వచ్చినప్పుడల్లా అతనికి జ్వరం వస్తుంది. ఆ జ్వరం గురించి మాత్రం ఎవరూ ముందుగా హెచ్చరించరు. దాంతో ఆమె డ్యూటీ మీద డ్యూటీ చేస్తోంది. కళ్ళు మండుతున్నాయి, నడుము పట్టేసింది. ఏసీ చలికి శాలువా కప్పుకుని, చల్లారిపోయిన టీ ముందు పెట్టుకుని, గోడంత తెర మీద తెల్లటి మేఘాల చుట్టను చూస్తోంది. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో ఆ గదిలోవాళ్లకు తెలియదు. వాతావరణం చెప్పే ఆఫీసులో తెరుచుకునే కిటికీ ఒక్కటి కూడా లేదు.

తుఫాను చిన్నదే. తెర మీద బొటనవేలు పెడితే కనిపించకుండా పోతుంది. కొన్నాళ్లు నడిసముద్రంలో దారి తెలియనట్టు తిరిగి, నిన్ననే తీరం వైపు మళ్ళింది. నిన్న సాయంత్రం బులెటిన్‌లో గీసిన గీత ప్రకారం అది ఉత్తరంగా, జనం లేని తీరం మీదికి పోయి నీరసపడిపోవాలి. ఆ గీతకు బాగా దక్షిణంగా, రేవుకు ఎదురుగా, ఒక దీవి ఉంది.

దీవి మీద చిన్న ఆసుపత్రి ఉంది. అందులో నర్సు ఆమె మరదలు, తమ్ముడి భార్య. రేవుకూ దీవికీ మధ్య లాంచీ నడిపే సరంగు ఆమె తమ్ముడు. అందుకని గీత దక్షిణానికి ఏ కాస్త జరిగినా ముందు ఆమె గుండెలోనే కలుక్కుమంటుంది. తుఫాను దీవి మీదికే వస్తే, మంచం పట్టిన రోగుల్ని వదిలి మరదలు కదలదు. మరదల్ని అక్కడ వదిలి తమ్ముడు ఒడ్డున కూర్చోలేడు. ఆ ఇద్దరినీ ముందుగా ఒడ్డుకు చేర్చే దారి ఒక్కటే, వేళకు అందే బులెటిన్.

ఆ తెల్లవారుజామున, తుఫాను దారి లెక్కగట్టే కంప్యూటర్లలో ఒకటి మాట మార్చింది. దాని కొత్త గీత తిన్నగా దీవి మీదుగా పోతోంది. గాలి వేగం కూడా నిన్న చెప్పినదానికి రెట్టింపు దగ్గరికి తెచ్చి చూపిస్తోంది. మిగతావి ఇంకా పాత పాటే పాడుతున్నాయి.

పక్క కుర్చీలో ఫొటోలాయన ఉన్నాడు. ఉపగ్రహం పంపే చిత్రాలు చూడడం ఆయన పని, అందుకే ఆ పేరు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తెర దగ్గరగా వంగాడు.

"మధ్యలో చూడండి మేడమ్, మసగ్గా చుక్కలాగా లేదూ? ఇది కన్ను తెరిచేలాగే ఉంది."

"నాకూ అలాగే అనిపిస్తోంది."

"పైనుంచి దీన్ని చెదరగొట్టే గాలులు నిన్న రాత్రితో పడిపోయాయి. కింద నీళ్ళు లోతుదాకా వేడిగా ఉన్నాయి. తినడానికి తిండి ఉంది, అడ్డం చెప్పేవాడు లేడు. ఇంక ఏం కావాలి దీనికి? ఎరుపు హెచ్చరిక ఇచ్చేద్దామా?"

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. ఎక్కడా రాసి ఉండదు, కానీ రాసి ఉన్న నిబంధనల కన్నా గట్టిది. కొత్త లెక్క పాత బులెటిన్‌కు చాలా దూరంగా వస్తే, గీతను ఒకేసారి అంత దూరం జరపరు. సగం జరుపుతారు. తరవాతి లెక్క కూడా అదే మాట మీద ఉంటే అప్పుడు మిగతా సగం జరుపుతారు. ఒకవేళ లెక్క వెనక్కి తిరిగితే, ఎవరికీ తెలియకుండా గీతను మెల్లగా వెనక్కి తెచ్చుకోవచ్చు. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెబితే జనం నమ్మరని దీనికి పెద్దలు చెప్పే కారణం. అందులో నిజం లేకపోలేదు. చాలాసార్లు తుఫాను కూడా బుద్ధిగా ఆ సగం దగ్గరికే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ విద్య నేర్పేది ఆమే.

పోయినసారి మాత్రం ఆమె ఆ అలవాటు తప్పింది. గీతను మొత్తం జరిపి ఎరుపు ఇచ్చింది. అంతటితో ఊరుకోక, బులెటిన్ బయటికి రాకముందే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది. తమ్ముడు దీవి మొత్తాన్ని లాంచీలో మోసుకొచ్చాడు. సెలైన్ సీసాలు చేత్తో ఎత్తి పట్టుకుని రోగులు వచ్చారు, కోళ్ళ బుట్టలు వచ్చాయి, ఎవరిదో కుట్టుమిషను కూడా వచ్చింది. తుఫాను మాత్రం రాలేదు. సముద్రంలోనే పక్కకు తిరిగి చల్లారిపోయింది. బట్టలారేసుకునేంత ఎండలో జనమంతా బడి వరండాలో కూర్చుని ఆమెను నోరారా తిట్టుకున్నారు. డైరెక్టరుగారికి పైనుంచి అక్షింతలు పడ్డాయి. ఆయన వాటిని భద్రంగా తెచ్చి ఆమెకు అప్పజెప్పారు. రేవులో తమ్ముడు కనిపిస్తే చాలు, "ఏం సరంగూ, ఇవాళ మీ అక్క ఏమంటోంది, గొడుగు తెచ్చుకోవాలా?" అని ఆటపట్టించేవాళ్ళు.

తమ్ముడు కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు ఇంటికి వచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు.

"అక్కా, ఇకమీదట ఇంట్లో మాటగా నాకు తుఫాను సంగతులు చెప్పకు. చెప్పేదుంటే బులెటిన్‌లోనే చెప్పు. అందరితోపాటు నేనూ వింటాను."

అన్నదాంట్లో తప్పులేదు. అయినా ఆమెకు చాలా బాధ కలిగింది. ఆ రోజునుంచి తమ్ముడికి గాలి గురించి గానీ వాన గురించి గానీ ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు టేబుల్ మీద ఫోన్ మోగింది. డైరెక్టరుగారు ఇంటినుంచి మాట్లాడుతున్నారు. ఆయనకూ నిద్ర లేదని గొంతే చెబుతోంది.

"కొత్త లెక్క చూశానమ్మా. ఒక్క కంప్యూటరే కదా అంటోంది?"

"ఒక్కటే సార్. కానీ చిత్రాల్లో కూడా..."

"కాదనను. కానీ గీత ఊగకూడదు. పోయినసారి ఏమైందో నీకు నేను చెప్పక్కర్లేదు. సగం జరుపు. మధ్యాహ్నం చూద్దాం."

గట్టిగా వాదిస్తే ఆయన వినేవాడే. ఆయన మొండివాడు కాదు, చెడ్డవాడు అంతకన్నా కాదు. కానీ వాదించాలంటే ఓపిక కావాలి, నా మాటే నిజమవుతుందనే ధీమా కావాలి. ఆ రెండూ పోయినసారి ఎండలోనే ఎండిపోయాయి. ఆమె "సరే సార్" అంది.

గీతను సగం జరిపింది. ఇప్పుడది దీవికీ జనం లేని తీరానికీ మధ్యగా పోతోంది. దీవికి నారింజ రంగు హెచ్చరిక. గట్టిగా వాన పడుతుంది, గాలి వీస్తుంది, జాగ్రత్తగా ఉండండి, ఇళ్ళు ఖాళీ చేయనక్కర్లేదు. రాసినదాన్ని ఇంకోసారి చదువుకుంది. ఎక్కడా అబద్ధం లేదు. ఎవరైనా వేలెత్తి చూపేందుకు ఒక్క మాటా లేదు. ఫొటోలాయన ఖాళీ టీ కప్పులు ఏరి చెత్తబుట్టలో పడేశాడు.

బులెటిన్ వెళ్ళిపోయాక ఆమె సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకుంది. తమ్ముడి నంబరు దాకా వెళ్ళింది. పొద్దుటి లాంచీ దీవినుంచి బయల్దేరే వేళ అది. ఒక్కమాట చెబితే చాలు. ఏమని చెప్పాలి? రాసింది ఒకటి, అనుకుంటున్నది ఒకటి అనా? బులెటిన్‌లో చెప్పు అన్నాడు కదా, బులెటిన్‌లో చెప్పలేనిది ఫోన్‌లో ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఫోన్ బోర్లా పెట్టి, తల టేబుల్ మీద వాల్చి కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్ర పట్టలేదు.

మధ్యాహ్నానికి తుఫాను కన్ను తెరిచింది. మేఘాల చుట్ట నడుమ నల్లటి, గుండ్రటి, స్పష్టమైన కన్ను. సముద్రంలో తేలే పరికరం ఒకటి దాని దారిలో పడి, గాలి ఒత్తిడి దభేలున పడిపోయిందని కబురు పంపి, ఆ తరవాత మాట్లాడడం మానేసింది. చిన్న తుఫానులతో వచ్చే చిక్కే ఇది. పెద్దవి ఎంతో ముందునుంచే ఒళ్ళు విరుచుకుంటూ, అలలు తోసుకుంటూ వస్తాయి. చిన్నవి ఒక్కపూటలో ముదిరిపోతాయి, పైగా చుట్టుపక్కల సముద్రం ఏమీ ఎరగనట్టే ఉంటుంది.

ఇప్పుడు కంప్యూటర్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఆమె ఎవరినీ అడగలేదు. గీతను దీవి మీదికి పూర్తిగా జరిపి ఎరుపు ఇచ్చేసింది. డైరెక్టరుగారు హడావిడిగా వచ్చి, తెర వంక చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

రేవుకు ఎరుపు అందిందని ఫ్యాక్స్ వచ్చినప్పుడు గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. ఎరుపు వస్తే రేవు మూసేస్తారు. ఒక్క పడవ కూడా కదలకూడదు. పొద్దున ఇచ్చి ఉంటే సగం రోజు చేతిలో ఉండేది, రేవు మూసేలోగా దీవి ఖాళీ అయిపోయేది. ఇప్పుడు ఇచ్చిన ఎరుపు దీవికి బయటినుంచి గొళ్ళెం పెట్టడంతో సమానం. అంతలోనే సెల్‌ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, ఎరుపు ఇచ్చారట. రేవు మూసేశారు."

"ఇచ్చాం."

"అవతల దీవి రేవులో జనం వచ్చి నిలబడ్డారు. నీ మరదలు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో వాళ్ళని తోపుడుబండ్ల మీద తెస్తున్నారట."

ఆమె ఫోన్ పట్టుకుని లేచి గది మూలకు నడిచింది.

"పోర్టు ఆఫీసరు అటు తిరిగి నిలబడతానన్నాడు. నేను లాంచీ తీస్తే చూడలేదంటాడు. కానీ ఎంత టైముందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. బులెటిన్‌లో రాత్రికి అని ఉంది. రాత్రి అంటే ఎప్పుడు? నువ్వు చెప్పు."

"బులెటిన్‌లోనే చెప్పమన్నావుగా."

"అన్నాను. ఇప్పుడు మా అక్కగా చెప్పమంటున్నాను. సగం దాచుకుని చెప్పకు. చిన్నప్పుడు నాన్న కోప్పడతాడని ఒక్క గాజు గ్లాసే పగిలిందని చెప్పేదానివి, గ్లాసులన్నీ పగిలాయని చెప్పేదానివి కాదు. నీ సంగతి నాకు తెలీదా."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆమె రాడార్ తెర ముందుకు వెళ్ళి నిలబడింది. కన్ను చుట్టూ మేఘాల గోడ బిగుసుకుంటోంది. కంప్యూటర్లు చెప్పే వేళ ఒకటి. ఆమె ఇన్నేళ్ల అనుభవం చెప్పే వేళ ఇంకొకటి, అంతకన్నా చాలా ముందు. ఇలాంటప్పుడు ఆ రెండింటికీ మధ్య ఒక వేళ రాసి పంపడమే చేతికి అలవాటు.

"రాత్రి దాకా ఆగదు. చీకటి పడకముందే మీద పడుతుంది," అంది. "ఒక్కసారి పోయి రా. ఎక్కించుకుని వెంటనే తిప్పు. రెండోసారి లేదు."

"ఇక్కడ సముద్రం బల్లపరుపుగా ఉందక్కా. రెండుసార్లు తిరగొచ్చు."

"మీద పడేదాకా అలాగే ఉంటుందిరా. ఒక్కటే."



"ఇది మొత్తమేనా?"

"మొత్తం చెప్పాను."

"సరే," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ తరవాత ఆమె పనులన్నీ చేసింది. టీవీవాళ్లకు జవాబులు చెప్పింది, కొత్త బులెటిన్ రాసింది, ఫొటోలాయన బలవంతపెడితే ఒక బిస్కెట్టు తింది. మనసు మాత్రం లాంచీలోనే ఉంది. అది దీవి చేరి ఉంటుందా, జనాన్ని ఎక్కించి ఉంటారా, వాళ్లలో తెల్లచీర కట్టుకున్న మరదలు ఉందా? లేదని ఆమెకు ముందే తెలుసు. తెలిసీ, ఉంటే బాగుండునని మనసులో వేయిసార్లు అనుకుంది.

తమ్ముడు మళ్ళీ ఫోన్ చేసేసరికి సాయంత్రం అవుతోంది.

"వచ్చేశాం. పిల్లలు, బాలింతలు, నడవగలిగినవాళ్ళు, నడవలేనివాళ్ళు, పట్టినంతమందిని కుక్కాను. మిగిలినవాళ్ళు బడి మేడలోకి వెళ్ళారు."

"మరి నా మరదలు?"

"రాలేదు. దమ్ము జబ్బుతో ఉన్న పెద్దాయన ఒకాయన ఊపిరాడక లేవలేకపోయాడు, ఇంకో ఇద్దరికి కాళ్ళు విరిగి కట్లున్నాయి. ఆసుపత్రినుంచి వాళ్ళని కదిలించలేక వాళ్లతోనే ఉండిపోయింది. రెండో ట్రిప్పులో వస్తానంది." గొంతు తగ్గించాడు. "రెండోది లేదని నేను చెప్పలేదక్కా. చెబితే బలవంతంగానైనా ఎక్కించేవాణ్ణి, అది నన్ను జీవితంలో క్షమించేది కాదు. ఇక్కడింకా గాలి లేదు. ఇంజను ఆపలేదు. పోయి వచ్చేస్తాను."

ఆమె రాడార్ వైపు చూసింది. గోడ అంచు దీవిని ఇంకా తాకలేదు. వెళ్ళు అనాలని నోటిదాకా వచ్చింది. ఇంత అలిసిపోయిన మనిషికి వెళ్ళు అనడమే తేలిక, అంటే తమ్ముడు సంతోషిస్తాడు, కాసేపు తనకూ ఊపిరి ఆడుతుంది.

"వద్దు," అంది.

"అక్కా."

"నువ్వు సగం దారిలో ఉండగా అది నీ మీద ఉంటుంది. ఆ అమ్మాయి గోడల మధ్య ఉంది. నువ్వు నీళ్ళ మీద ఉంటావు. వద్దురా, నా మాట విను."

అవతలినుంచి ఇంజను శబ్దం వినబడుతోంది. కాసేపటికి అది ఆగిపోయింది. తమ్ముడు ఏడుస్తున్నాడని అర్థమైంది. వాడు తాళ్ళు కట్టి గట్టెక్కాడో లేదో, రేవులో గాలి లేచింది. గాలివేగం చూపే పరికరం ముల్లు పోటీ పడుతున్నట్టు పైకి పాకింది. దీవికి ఫోన్లు కలవడం మానేశాయి.

మర్నాడు ఉదయానికి తుఫాను నేల మీదికి ఎక్కి మామూలు వానగా మిగిలింది. ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చిన డైరెక్టరుగారు ఆమె పక్కన నిలబడి, బతికి బయటపడ్డ మనిషిలా ఊపిరి వదిలారు.

"మన సగటు తప్పు లెక్క కట్టించానమ్మా. అసలు తుఫాను పోయిన దారికీ మన గీతలకీ తేడా ఈసారి చాలా తక్కువ. ఇన్నేళ్లలో ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు."

లెక్క నిజమే. అన్ని బులెటిన్లూ కలిపి సగటు తీస్తే, సగం జరిపిన గీత కూడా అందులో మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ఆమె "బాగుంది సార్" అంది.

అప్పుడు సెల్‌ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"వదినా, నేను."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీ పట్టుకుని కూర్చుంది. "ఎలా ఉన్నావమ్మా? ఎక్కడున్నావు?"

"బాగానే ఉన్నాను. రక్షణ బోటువాళ్ళ ఫోన్ ఇది. మీ తమ్ముడు కూడా వీళ్లతోనే వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు. రాత్రి ఆసుపత్రి పైకప్పు లేచిపోయింది. నలుగురం మందుల గదిలో దూరాం." గొంతు పొడిబారిపోయి ఉంది. "దమ్ము పెద్దాయన పోయాడు వదినా. ఆక్సిజన్ సిలిండరు అయిపోయింది. నా ఒళ్ళోనే పోయాడు."

"అయ్యో, నీ తప్పేముందమ్మా అందులో."

"ఉంది వదినా. నిన్న పొద్దున ఆయన నడవగలిగేవాడే. లాంచీలో ఒడ్డుకి వెళ్ళిపోతానని సంచి సర్దుకుని కూర్చున్నాడు. నేనే ఆపాను. రేడియోలో మీ బులెటిన్ వినిపించాను. మా వదిన రాసింది, మన మీదికి రాదు, ఊరికే వానలో తడిసి దమ్ము తెచ్చుకోకండి అన్నాను. మీ ఆడపడుచే రాస్తే ఇంక భయమేముంది అని సంచి మంచం కిందికి తోసి పడుకున్నాడు. మధ్యాహ్నానికి దమ్ము ఎక్కువై లేవలేకపోయాడు. ఆయనొక్కడే కాదు, ఆ మాట విని ఎవరూ కదల్లేదు. పొద్దుటి లాంచీ ఖాళీగా వెళ్ళింది."

మరదలే మళ్ళీ మాట్లాడింది.

"నేనేమైనా తప్పుగా విన్నానా, ఆయనకి తప్పుగా చెప్పానా అని రాత్రంతా అదే రంపపుకోత. సరిగ్గానే విన్నాను కదా వదినా? పొద్దున మీకు తెలిసింది అంతవరకే కదా?"

అవును అంటే సరిపోతుంది. కాగితాలన్నీ అవుననే అంటాయి. డైరెక్టరుగారు పక్కనే నిలబడి ఉన్నారు, ఫొటోలాయన తెర వైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వు సరిగ్గానే విన్నావమ్మా," అంది ఆమె. "నేనే సగం రాశాను."

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మరదలి మాట కోసం అలాగే కూర్చుంది.